నలుచదరపు సూర్యుడు

ఫ్లాష్ అనేది పెళ్లిళ్ల వాళ్ల సామాను అని చాలాకాలం నలుగురిలో అనేవాణ్ణి. అన్నప్పుడల్లా నా గొంతులోకి ఎక్కడలేని పెద్దరికం వచ్చేది. పొద్దున్న ఏడింటికి గోదావరి మీద పడేదే వెలుగు, తక్కినదంతా కరెంటు అని ఓ సూత్రం కూడా తయారుచేసి పెట్టుకున్నాను. ఆ సూత్రం ఏ పుస్తకమో చదివి తెలుసుకున్నది కాదు. మా పెళ్లి ఆల్బమ్‌లో మావగారి నుదురు తెల్లగా కాలిపోయి ఉంటుంది, ఆయన వెనక గోడ మీద నల్లటి నీడ ఒకటి అతుక్కుని ఉంటుంది. ఫ్లాష్ గురించి నాకున్న పాండిత్యమంతా ఆ ఒక్క పేజీయే. దాని మీద సిద్ధాంతం లేపి, ఆ సిద్ధాంతాన్ని టీకొట్టు దగ్గర మిత్రులకి ఉచితంగా పంచిపెట్టాను.

నాది 2015 పుష్కరాలకు కొన్న కెమెరా. రాజమండ్రిలో కెమెరా ఉన్న ప్రతివాడూ తీసేవే నేనూ తీశాను. గట్టు మీద సూర్యోదయం, వల విసిరే మనిషి, 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయిన హేవలాక్ వంతెన. తీసి తీసి నాకూ చూసేవాళ్లకీ విసుగొచ్చేసరికి, ఓ తొలకరిలో పెరట్లో ఆరుద్ర పురుగు కనిపించింది. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకున్న పురుగే. కెమెరాతో తీస్తే తడిమట్టి మీద ఎర్రసిరా చుక్క వచ్చింది. ఆ మఖమలు నూగు ఫొటోలో కనబడాలని పంతం పట్టాను. అంతే, నదినీ వంతెననీ వదిలేసి కరివేపాకు చెట్టు కింద చతికిలబడ్డాను.

కెమెరాలు బాగుచేసే ఒకాయన నా గోల విని, "మాక్రో లెన్సుకి వేలు పొయ్యక్కర్లేదండి, ఉన్నదాన్నే తిరగేసి తగిలించుకోండి" అంటూ ఓ అల్యూమినియం రింగు చేతిలో పెట్టాడు. కెమెరాతో పాటు వచ్చిన 18-55 లెన్సు మొహం కెమెరా వైపుకి, వీపు లోకం వైపుకి. నమ్మబుద్ధి కాలేదు గానీ పనిచేసింది. నాలుగైదు సెంటీమీటర్ల దూరానికి వెళ్తే గోడ మీది చిన్న సాలీడు తెరంతా పరుచుకుంటుంది. జూమ్‌ను 18 వైపు తిప్పినకొద్దీ ఇంకా పెరుగుతుంది. ఫోకస్ చెయ్యాలంటే తలకాయ ముందుకీ వెనక్కీ ఊపడమే.

ఒక్క సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తిరగేసిన లెన్సుకీ కెమెరాకీ మాటలుండవు. దాని అపర్చర్ బార్లా తెరుచుకునే ఉండిపోతుంది. నా కెమెరాలో దాన్ని మూయాలంటే, ముందు లెన్సును మామూలుగా తగిలించి, ఎఫ్/11 పెట్టి, డెప్త్ ప్రివ్యూ బొత్తాం నొక్కి పట్టుకుని, ఆ నొక్కుడు వదలకుండానే లెన్సు ఊడదీసుకోవాలి. ఈ కిటుకు తెలియక నెలల తరబడి పూర్తిగా తెరిచిన కన్నుతోనే తీశాను. ఎనిమిది కళ్ల సాలీడుకి ఒక్క కన్ను స్పష్టంగా వచ్చేది. చాలాసార్లు అదీ కాదు, దాని పక్కనున్న వెంట్రుక వచ్చేది. ఆ వెంట్రుకను చూసి "కళాత్మకంగా ఉంది" అన్న మిత్రుడికి నేను టీ కూడా ఇప్పించాను.

లెక్క చాలా సామాన్యమైనది. పురుగు ఎంతుందో సెన్సర్ మీద కూడా అంతే పడేటట్టు తీస్తే, దాన్నే ఒకటికి ఒకటి అంటారు. నా కెమెరాలాంటి చిన్న సెన్సర్ మీద అప్పుడు ఎఫ్/2.8లో స్పష్టంగా ఉండే మందం పావు మిల్లీమీటరు కూడా ఉండదు. ఎఫ్/11కి మూసినా మిల్లీమీటరు దాటదు. దానికి రెండింతలు పెద్దగా తీద్దామంటే ఎఫ్/11లోనూ మిల్లీమీటరులో మూడోవంతే. మనం ఊపిరి తీసి వదిలేలోపు తలకాయ అంతకంటే ఎక్కువ కదులుతుంది. ఇవేమీ తెలియవు గనక గాలిని తిట్టాను. పెరట్లో గాలి, వరండాలో గాలి, చివరికి హాల్లో ఫ్యాను. మే నెలలో రాజమండ్రిలో ఫ్యాను ఆపమన్న మనిషికి ఇంట్లో ఎంత గౌరవం దక్కుతుందో చెప్పనక్కర్లేదు.

ఆడలేనివాడికి మద్దెల ఎప్పుడూ ఓటిదే. లోపం తిరగేసిన లెన్సులో ఉందని తేల్చి, అసలు సిసలు 100 ఎంఎం మాక్రో లెన్సు కొన్నాను. ధర ఇంట్లో చెప్పేటప్పుడు చివరి సున్నా మింగేశాను. కొత్త లెన్సు వచ్చాక ఫొటోలు ఏం మారాయంటే, వెంట్రుకలు ఇంకా బాగా వచ్చాయి.

ఎందుకంటే వెలుతురు చాలడం లేదు. దగ్గరికి వెళ్లేకొద్దీ లెన్సు వెలుతురును తినేస్తుంది. ఒకటికి ఒకటి సైజులో ఎఫ్/11 పెడితే సెన్సర్‌కి అందేది ఎఫ్/22కి అందేంతే, అంటే అనుకున్నదాంట్లో నాలుగోవంతు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా ఐఎస్ఓ 100 దగ్గర షట్టర్ సెకనులో 50వ వంతు తెరిచి ఉంచాలి. అంత పెద్దగా చూపిస్తున్నప్పుడు మన చెయ్యి వణుకు కూడా అంతే పెద్దగా కనిపిస్తుంది గనక 50వ వంతుతో ఒక్కటీ నిలవదు. 400వ వంతుకు పోదామా అంటే, నీడపట్టున ఐఎస్ఓ 6400 అడుగుతుంది. నా పాత సెన్సర్ మీద 6400 అంటే ఫొటో నిండా ఇసక. గొల్లభామ పచ్చదనం మీద కూడా ఇసకే. ఇంతా జరుగుతుంటే, బీరువా నిండా పురుగుల ఫొటోగ్రఫీ పుస్తకాలు కొని, వాటిలో ఫ్లాష్ అన్న అధ్యాయం వచ్చినచోట పేజీలు తిప్పేసేవాణ్ణి. అది మనకి సంబంధించింది కాదు కదా!

నా వేషాలు వర్ణించుకుంటే బోలెడన్ని. కరివేపాకు రెమ్మ ఊగకుండా బట్టల క్లిప్పుతో కర్రకు బిగించాను. గాలి అడ్డానికి మా ఆవిణ్ణి గొడుగు పట్టమన్నాను. ఎవరికి పడుతోందో అర్థమయ్యాక, "ఇరవయ్యేళ్లలో నాకెప్పుడూ పట్టలేదు గొడుగు, పురుక్కి నేను పట్టాలా?" అని గొడుగు మడిచి లోపలికి వెళ్లిపోయింది. ఆ రెమ్మ మీద ఉన్నది నిమ్మ సీతాకోకచిలుక గొంగళి. చిన్నప్పుడు పిట్ట రెట్టలా గోధుమరంగులో, తెల్లమచ్చలతో ఉంటుంది, ఏ పిట్టా ముట్టుకోదు. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. నా లెన్సు మొహానికి తగిలేసరికి తల వెనకనుంచి ఎర్రటి కవల కొమ్ము ఒకటి బయటికి తోసి ఘాటైన వాసన వదిలింది. బెదిరిందన్నమాట. నాకు మాత్రం ఫొటోకి పోజు ఇస్తోందనిపించి, ఆ కొమ్ము కోసం మళ్లీ మళ్లీ పొడిచాను. దానివల్ల గొంగళికి ఎంత బాధో ఆలోచించలేదు. కొమ్ము ఫొటోలు అన్నీ వణికాయి, అదొక్కటే న్యాయం.

ఇంట్లో పురుగులు చాలడం లేదని కడియం కూడా వెళ్లాను. అన్ని ఎకరాల నర్సరీలు, అన్ని పువ్వులు, పురుగులు కుప్పలు తెప్పలుగా ఉంటాయని నా లెక్క. కెమెరా మెళ్లో వేసుకుని వరసల మధ్య ఎండలో గంటల తరబడి వంగి వంగి నడిచాను. ఒక చీమల బారు, రెండు ఈగలు. నడుం పట్టుకుని నించుంటే నర్సరీ అబ్బాయి వచ్చి ఏం పోయిందండీ అని అడిగాడు. పురుగుల కోసం అని చెప్పాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, "పురుగుంటే మొక్క ఎవరు కొంటారండీ? మందు కొట్టి నాల్రోజులే అయింది" అన్నాడు. ఊరికే తిరిగిరావడానికి మొహం చెల్లక ఒక మందార మొక్క కొనుక్కొచ్చాను. దాన్ని పెరట్లో నాటి మందు కొట్టకుండా వదిలేస్తే కొన్నాళ్లకి పిండినల్లి పట్టింది, పేనుబంక పట్టింది, వాటిని తినడానికి అక్షింతల పురుగులు వచ్చాయి, అల్లిక రెక్కల పురుగులు వచ్చాయి. మొక్క పోయింది గానీ నాకు కావలసిందంతా దొరికింది.

ఇక ఫ్రిజ్ సంగతి. చల్లబరిస్తే పురుగు కదలదు, తీరిగ్గా ఫొటో తీసుకోవచ్చు అని ఎవరో చెప్పారు. ఒక మిడతను చిన్న స్టీలు డబ్బాలో పెట్టి మూతకు చిల్లులు పొడిచి, దోసెల పిండి గిన్నె పక్కన పెట్టాను. పెట్టి మర్చిపోయి బజారుకెళ్లాను. మా ఆవిడ ఆ డబ్బాలో కొబ్బరి పచ్చడి ఉందనుకుంది. ఆ తరవాత జరిగింది రాయను. మిడత మాత్రం వంటింటి గట్టు మీద రెండు నిమిషాలు కూచుని, వేడి తగలగానే కిటికీలోంచి హాయిగా వెళ్లిపోయింది. అంతకుముందు ఒకసారి ఇలాగే తీసిన ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. కాళ్లు లోపలికి ముడుచుకుని, మీసాలు వాల్చేసి, శవంలా ఉంటుంది అందులో పురుగు. పురుగులు తెలిసినవాడు ఎవడైనా చూడగానే పట్టేస్తాడు. మార్గశిరంలో తెల్లవారుజామున పొలం గట్టు మీదికి వెళ్తే ఆ చలి దానంతటదే దొరుకుతుంది, మంచుబొట్లతో సహా. దానికి నేను నాలుగింటికి లేవాలి. ఫ్రిజ్ అయితే లేవక్కర్లేదు. నా శాస్త్రీయ దృష్టి అంతా అక్కడిది.

చివరికి ఫ్లాష్ కొన్నాను. రహస్యంగా. బీరువాలో బ్యాంకు కాగితాల కింద దాచి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసేవాణ్ణి. టీకొట్టు మిత్రులకు తెలిస్తే నా సూత్రం ఏమైపోవాలి?

తీసిన మొదటి పురుగు అక్షింతల పురుగే. వంగి దగ్గరగా చూస్తే దాని వీపు నారింజ రంగు లక్క పూసిన గిన్నె బోర్లించినట్టుంది. ఫొటోలో ఆ వీపు మీద తెల్లటి బొక్క. మచ్చలు కనబడవలసినచోట రంగూ లేదు, మచ్చా లేదు, పచ్చి తెలుపు. పక్కన ఆకు మీద కత్తితో కోసినట్టు నీడ. మావగారి నుదురు మళ్లీ ప్రత్యక్షమైంది. చూశావా, నేను చెప్పలేదూ అని నాకు నేనే చెప్పుకున్నాను. సరే, వెలుగు ఎక్కువైందని ఫ్లాష్ శక్తి సగానికి తగ్గించాను. ఆకు చీకటైంది, బొక్క అలాగే ఉంది. ఇంకా తగ్గించాను. పురుగు చీకటైంది, బొక్క మాత్రం చెక్కుచెదరలేదు. శక్తి తగ్గిస్తే వెలుగు మెత్తబడుతుందన్న నమ్మకం మీద ఎన్నాళ్లు గడిపానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ బొక్క ఏమిటో తెలిశాక అంతా చాలా తేలికైంది. నున్నటి వీపు అద్దంలా పనిచేస్తుంది. అందులో కనిపించే తెల్లమచ్చ ఫ్లాష్ బొమ్మే. ఫ్లాష్ మొహం నాలుగు వేళ్లంత ఉంటే మచ్చ చిన్నదిగా, పదునుగా ఉంటుంది. శక్తి పెంచినా తగ్గించినా మొహం సైజు మారదు కదా, మచ్చ సైజు ఎందుకు మారుతుంది? మారవలసింది పురుగు కళ్లతో చూస్తే ఆ వెలుగు ఎంత పెద్దగా కనిపిస్తుందన్నది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా దూరాన ఉన్నాడు గనక మన నీడ పదునుగా పడుతుంది. ఆయన ముందు మబ్బు కమ్మితే ఆకాశమంతా దీపమైపోయి నీడ కరిగిపోతుంది. ఫ్లాష్ ముందు కూడా ఒక మబ్బు పెట్టాలి. మాక్రోలో ఉన్న సుఖమేమిటంటే, పురుగు చిన్నది గనక అరచెయ్యంత మబ్బు చాలు, దాన్ని పురుగుకి నాలుగంగుళాల్లోకి తెస్తే దానికి అదే ఆకాశం.

ఈ మబ్బు తయారీలో పడ్డాక మా ఇంట్లో కాగితం ముక్కకి రక్షణ లేకుండా పోయింది. పాలపేకెట్ కోసి పెడితే మీద అచ్చువేసిన నీలం అక్షరాలు వీపు మీద చదువుకోవచ్చు. స్వీట్ల పెట్టె మూత పెడితే పురుగులన్నీ పసుపు రాసుకున్నాయి. బటర్ పేపరు ఒక్క పొర పెడితే దాని వెనక ఫ్లాష్ బల్బు వేడి చుక్కలా మెరిసి మధ్యలో మళ్లీ బొక్క. రెండు పొరలు పెట్టి, మధ్యలో రెండంగుళాల ఖాళీ వదిలితేనే వెలుగు సమంగా పరుచుకుంటుందని తెలియడానికి చాలా అట్టపెట్టెలు ఖర్చయ్యాయి. చివరికి పనికొచ్చింది ఏమిటంటే, పక్కింటివాళ్లకి కొత్త వాషింగ్ మెషీన్ వచ్చినప్పుడు దానికి చుట్టి వచ్చిన తెల్లటి ఫోమ్ షీటు. అది చెత్తబుట్టలో ఉంటే అడిగి తెచ్చుకున్నాను. అట్టని నలుచదరంగా మడిచి, లోపల వెండికాగితం అంటించి, మొహానికి ఈ షీటు బిగించి, కింద లెన్సు పట్టడానికి అర్ధచంద్రాకారంలో కత్తిరించాను. గోధుమరంగు టేపుతో అతికిన ఆ పెట్టె చూడ్డానికి ఎలక్షన్ గుర్తులా ఉండేది. అక్షింతల పురుగు వీపు మీద మచ్చలు ఆనాడు కనబడ్డాయి. నారింజ రంగు అంచుల దాకా వచ్చింది.

ఆరుద్ర పురుగు విషయంలో ఇది కూడా చాల్లేదు. దాని ఎరుపు అంత చిక్కనిది. ఫొటో అంతా సరిగ్గానే వెలిగినట్టు కనిపిస్తుంది, ఎరుపు ఒక్కటే హద్దు దాటిపోయి నూగంతా ఒకే ముద్దవుతుంది. హిస్టోగ్రామ్‌లో మూడు రంగుల్నీ విడివిడిగా చూసుకుని, ఎరుపు గోడకి కొట్టుకోకుండా ఫ్లాష్ తగ్గించాలి. తక్కిన ఫొటో కొంచెం చీకటిగా కనిపించినా తరవాత లేపుకోవచ్చు. నూగు పోతే మాత్రం పోయినట్టే.

ఫ్లాష్ ఇంకో ఉపకారం కూడా చేసింది, దానికి నేను అర్హుణ్ణి కాదు. పూర్తి శక్తితో వెలిగితే అది సెకనులో సుమారు 300వ వంతు వెలుగుతుంది. శక్తి తగ్గించడం అంటే వెలుగును పలుచన చెయ్యడం కాదట, తొందరగా ఆర్పెయ్యడమట. 128వ వంతుకు తగ్గిస్తే వెలిగి ఆరడం 20,000వ వంతు సెకనులో అయిపోతుంది. అంతసేపట్లో నా చెయ్యి వణకదు, ఆకు ఊగదు, పురుగు మీసం కదలదు. షట్టర్ 200వ వంతే ఉన్నా ఫరవాలేదు, బొమ్మ గీసేది ఆ మెరుపు ఒక్కటే. ఫ్యాను ఆపనక్కర్లేదు. గొడుగు అక్కర్లేదు. క్లిప్పులన్నీ తీసుకెళ్లి దండెం మీద పెట్టేశాను. ఎడమచేత్తో రెమ్మ పట్టుకుని, అదే చేతి మణికట్టు మీద లెన్సు ఆనిస్తే, గాలికి పురుగూ నేనూ కలిసి ఊగుతాం గనక దూరం మారదు. ఈ ఉపాయం ప్రపంచంలో పురుగులు తీసే ప్రతివాడికీ తెలుసు. పేజీలు తిప్పెయ్యకుండా ఉంటే నాకూ తెలిసేది.

అయితే, మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోలన్నీ అర్ధరాత్రి తీసినట్టు వచ్చేవి. పురుగు వెలిగిపోతుంటుంది, వెనక కాటుక. వెలుగు దూరంతో ఎంత తొందరగా చచ్చిపోతుందో నేను లెక్కలోకి తీసుకోలేదు. ఫ్లాష్ పురుగుకి పది సెంటీమీటర్లలో ఉండి, వెనకున్న గోడ మీటరు దూరంలో ఉంటే, గోడకి దక్కేది వందోవంతు. మా వదినగారు ఆ ఫొటోలు చూసి, "తమ్ముడు రాత్రుళ్లు పెరట్లో తిరుగుతున్నాట్టగా, పాములుంటాయి చెప్పు" అని మా ఆవిడకి ఫోన్ చేశారు. వెనకాల బెత్తెడు దూరంలో ఒక బాదం ఆకు పట్టుకుంటే చాలు, తెల్లారిపోతుంది. ఐఎస్ఓ నాలుగు రెట్లు పెంచినా ఎండ కొంచెం లోపలికి వస్తుంది.

ఇంతవరకూ చేసినవి ఉత్త తెలివితక్కువ పనులు. ఇప్పుడు చెప్పబోయేది అంతకంటే కిందిది.

మా ప్రాంతంలో ఓ చిన్న ఫొటో ప్రదర్శన పెట్టారు. నేను గోడ మీది దూకే సాలీడు ఫొటో పంపాను. నా జీవితంలో అంత మంచిది అంతకుముందు రాలేదు. ముందు వరసలో నాలుగు కళ్లూ, వాటి చుట్టూ ఉన్న కనురెప్పల్లాంటి వెంట్రుకలూ, మూతి దగ్గర తెల్లటి మీసాలూ, అన్నీ వచ్చాయి. వివరాల కాగితంలో వెలుగు అన్నచోట ఏం రాయాలో తెలియలేదు. టీకొట్టు సూత్రం గుర్తొచ్చింది. మిత్రులంతా వస్తారు. "సహజకాంతి" అని రాశాను. రాస్తున్నప్పుడు చెయ్యి వణకలేదు, అది కూడా చెప్పాలి.

న్యాయనిర్ణేత పెద్దాయన. నెమ్మదిగా మాట్లాడతాడు. తెర మీద ఫొటో వెయ్యగానే బావుందన్నాడు. నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఆయన నా కాగితం చదువుకుని, ల్యాప్‌టాప్ దగ్గర కూచున్న కుర్రాణ్ణి, "ఆ కన్ను కాస్త పెద్దది చెయ్యి నాయనా" అన్నాడు. కన్ను తెరంతా నిండింది. ఆ నల్లటి నిగనిగలో తెల్లటి నలుచదరం, దాని కింది అంచున నీటుగా కత్తిరించిన అర్ధచంద్రం. పక్క కన్నులోనూ అదే. ఓ మూల టేపు అతుకు కూడా చీకటి గీతలా కనిపిస్తోంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"సహజకాంతి అన్నారు కదండీ. మా ఊళ్లో సూర్యుడు గుండ్రంగా ఉంటాడు మరి."

ఎవరూ పెద్దగా నవ్వలేదు. నవ్వుంటే బావుండేది. వెనక వరసలో టీకొట్టు మిత్రుడు ఒకడు దగ్గాడు. తరవాత ఆయనే నన్ను పక్కకు పిలిచి, ఫ్లాష్ ఎలా పెట్టారు, ఆ నున్నదనం ఎలా వచ్చింది అని నిజంగానే ఆసక్తిగా అడిగాడు. అట్టపెట్టె సంగతి చెప్తే, "ఇది రాసుంటే బహుమతి ఇచ్చేవాణ్ణి" అన్నాడు. స్టీఫెన్ డాల్టన్ పేరు ఆయన దగ్గరే విన్నాను. 1970ల్లో ఇంగ్లండులో ఆయన సెకనులో 25,000వ వంతు వెలిగే ఫ్లాష్ తయారు చేయించుకుని, ఎగిరే పురుగుల్ని గాల్లోనే ఆపి తీశాడు. 'బోర్న్ ఆన్ ది విండ్' అని 1975లో పుస్తకం వేశాడు. అందులోని పురుగు ఫొటో ఒకటి 1977లో వాయేజర్ నౌకలతో పాటు బంగారు రికార్డులో ఎక్కి నక్షత్రాల మధ్య అంతరిక్షంలోకి పోయింది. పెళ్లిళ్ల వాళ్ల సామానుతో తీసిన ఫొటో! నేనింకా బీరువాలో దాచుకుంటున్నాను.

ఆ సాలీడు కళ్ల మీద మాత్రం అప్పణ్ణించి ధ్యాస పోలేదు. ముందున్న రెండు పెద్ద కళ్లూ ఒకోసారి నల్లగా, ఒకోసారి తేనెరంగుగా వస్తాయి. ఒకే సాలీడు, ఒకే నిమిషంలో. ఇదీ వెలుగు లోపమే అనుకుని మళ్లీ ఫోమ్ షీట్లు మార్చాను. తీరా చూస్తే వెలుగుకీ దీనికీ సంబంధం లేదు. ఆ కళ్లకి అద్దం కదలదు, తలకి అతుక్కుని ఉంటుంది. లోపల పొడుగాటి గొట్టం ఉంటుంది, దాని చివర తెర ఉంటుంది, ఆ తెరనే సాలీడు అటూ ఇటూ కదిపి చూస్తుంది. అది మన వైపు సూటిగా చూస్తే నల్లన, పక్కకి చూస్తే లోపలి గోడ కనిపించి రంగు మారుతుంది. ఈ సంగతి తెలిశాక గొల్లభామ కూడా నాకు అలాంటి లోతైన చూపే చూస్తోందని ఇంట్లో చెప్పాను. ఎటునుంచి తీసినా దాని కంట్లో నల్లచుక్క నన్నే చూస్తుంది, నన్ను గుర్తుపడుతోంది అని. అది చూపు కాదు. వేల చిన్నకళ్ల గుత్తిలో మనకి సూటిగా ఎదురైనవి వెలుగును మింగేసి నల్లగా కనిపిస్తాయి, ఎవడు ఎటు నించున్నా అంతే. నర్సరీ అబ్బాయినీ అలాగే చూస్తుంది.

పోయిన సంక్రాంతికి మా చెల్లెలి కూతురు వచ్చింది. జువాలజీ చదువుతోంది. నా చీమల ఫొటోలు తెర మీద వేసి చూపిస్తున్నాను. మామిడిచెట్ల మీద ఆకులు కలిపి పట్టుతో కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు అవి. ఒక ఫొటో దగ్గర ఆపమంది.

"మావయ్యా, చీమకి ఎన్ని కాళ్లు?"

"ఆరు. ఆ మాత్రం తెలీదా?"

"దీనికి లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. ముందు రెండూ మీసాలని సర్ది చెప్పబోయాను. అవి కాళ్లే. పైకెత్తి మీసాల్లా ఆడిస్తోంది. ముందు నుంచి చూస్తే పెద్ద కళ్లు రెండు, నాకు బాగా పరిచయమైన కళ్లు, వాటిలో నా నలుచదరం. చీమలా బతికే దూకే సాలీడు, మిర్మాప్లాటా అంటారట. కరిచే ఎర్ర చీమ వేషం వేస్తే పిట్టలూ కందిరీగలూ జోలికి రావు. మగదానికైతే కోరలు అంత పొడుగ్గా సాగి, ఒక పెద్ద చీమ ఇంకో చీమను నోట కరుచుకుని పోతున్నట్టుంటుందట. నేను దాన్ని కిందటేడు తీసి, "శ్రమజీవి చీమ" అని పేరుపెట్టి, ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాను. వచ్చినవాళ్లందరికీ కష్టపడి పనిచెయ్యడం గురించి ఆ ఫొటో కింద నించుని చెప్పాను కూడా.

మగ సాలీడు కావాలనిపించింది. మర్నాడు పొద్దున్నే పక్కింటి మామిడిచెట్టు దగ్గరికి కెమెరాతో వెళ్లాను. చీమల బారు వెంట ఒక్కొక్కదాన్నీ లెన్సులో పెట్టి కాళ్లు చూస్తూ, చూస్తూ, పెట్టె వెనకభాగం గూటికి ఆనిందని గమనించలేదు. ఎర్ర చీమ కరిచి ఊరుకోదు, కరిచినచోట ఫార్మిక్ ఆమ్లం చల్లుతుంది. మెడ మీద మొదలై చొక్కాలోకి దిగాయి. నేను చేసిన నాట్యం పక్కింటివాళ్ల మనవడు డాబా మీంచి సెల్‌ఫోన్‌లో తీశాడు, అదీ వణక్కుండా, సహజకాంతిలో.

సాయంత్రం ఒళ్లంతా కొబ్బరినూనె రాయించుకుని కార్డులో ఉన్నవి తెరిచాను. మా మేనకోడలు పక్కన కూచుని వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. అన్నిటికీ ఆరేసి కాళ్లే.